స్టెతస్కోపు, నీలం గ్లౌజులు, ఒక కాగితం: మా ఇంటి డాక్టరాటపై సమీక్ష

శ్రీకాకుళంలో సర్జికల్ షాపుకి వెళ్లి స్టెతస్కోపు ఇమ్మంటే, ఇంట్లో ఎవరో నర్సింగు చదువుతున్నారనుకుంటారు. ఎవరికని కూడా అడగరు. కాబట్టి కొనడానికి సిగ్గుపడేవాళ్లు ఆ టెన్షన్ వదిలెయ్యండి. భార్యాభర్తలు తలుపేసుకుని ఆడుకునే డాక్టరు-పేషెంటు ఆటకి పనికొచ్చే సామాను గురించి ఈ సమీక్ష. మేం చాలాకాలంగా ఆడుతున్నాం. ఏది నిలిచింది, ఏది అటకెక్కింది అన్నది చెప్తాను.

అన్నింట్లో పైసా వసూల్ స్టెతస్కోపే. ఖరీదైనది అక్కర్లేదు, చదువుకునే పిల్లలు కొనే మామూలు రకం చాలు. చెవుల్లో పెట్టుకునే కొసలు ముక్కువైపు తిరిగి ఉండాలి. తిరగేసి పెట్టుకుంటే సరిగ్గా వినిపించక, పాడైపోయిందనుకుంటారు. బిళ్ల చల్లగా ఉంటుంది, అరచేతిలో కాసేపు వేడి చేసి పెట్టాలి. చెవుల్లో ఉండగా ఆ బిళ్ల మీద వేలితో కొట్టకూడదు, చెవులు దిమ్మెత్తిపోతాయి. వాడాక స్పిరిట్ దూదితో తుడిస్తే చాలు, నీళ్లలో ముంచకండి. మనిషి గుండె మన కారణంగా వేగం అందుకోవడం చెవులతో వినడం ఉంది చూడండీ, దానికి ఎంత పెట్టినా తక్కువే.

గ్లౌజులు నైట్రైల్‌వి తీసుకోండి, నీలం రంగువి, పౌడర్ లేనివి. లేటెక్స్ కొందరికి పడదు, దురద, దద్దుర్లు వస్తాయి. పైగా మన ఇళ్లల్లో చెయ్యి ముందు కొబ్బరినూనె సీసా మీదికే పోతుంది. నూనె తగిలితే లేటెక్స్ బలం పోతుంది. గ్లౌజు సంగతి సరే, లేటెక్స్ కండోమ్ కూడా అలాగే చిరిగిపోతుంది. ఇది తెలియనివాళ్లు చాలామంది ఉన్నారు. నీళ్ల ఆధారంగా చేసిన జెల్ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, అది వాడండి. గ్లౌజు ఒకసారికే, కడిగి ఆరేసేది కాదు.

బీపీ మిషన్ కొనకండి. కొంటే మాత్రం జబ్బకే కట్టాలి, మెడ దగ్గరికి తేకూడదు. గాలి నింపి అలా వదిలెయ్యకూడదు కూడా. మా డిజిటల్ మిషన్ ఒక రాత్రి మా ఆయనకి నూట యాభై చూపించింది. ఆట అక్కడితో ఆగిపోయి, ఆవకాయలో ఉప్పు మీద గొడవ మొదలైంది. ఇప్పుడది మా అత్తగారి దగ్గరుంది, దాని అసలు పని అది చేసుకుంటోంది.

తెల్లకోటు కాటన్‌ది అయితేనే వేసవిలో ఒంటిమీద ఉంటుంది. మా ఆయన సైన్సు మాస్టారు కాబట్టి దండెం మీద అది కనిపించినా ఎవరూ ఏమీ అనుకోలేదు. మీ ఇంట్లో ఏం చెప్పుకుంటారో ముందే ఆలోచించుకోండి.

ఇక కాగితం. దుకాణంలో దొరకదు గానీ ఈ సామాను మొత్తంలో అసలైనది ఇదే. ఆటలో ఏది పర్లేదో, ఏది కాదో ఇద్దరం వేరువేరుగా కూర్చుని మూడు వరసల్లో రాసుకున్నాం: సరే, చూద్దాం, వద్దే వద్దు. తర్వాత పక్కపక్కన పెట్టి చదువుకున్నాం. మిగతా ఆటల్లా కాదు ఇది. ఆసుపత్రి అంటే అందరికీ ఏదో ఒక పాత భయం ఉంటుంది. నా కాన్పప్పుడు అక్కడివాళ్లు నా మీద అరిచిన అరుపులు నాకింకా గుర్తే. అందుకే మా ఆటలో డాక్టరు 'కదలకు', 'ఓర్చుకోవాలి' అనకూడదు. మా ఆయనకి చిన్నప్పుడు నలుగురు పట్టుకుని కుట్లు వేశారట. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట నాకు చెప్పలేదు, ఆ కాగితంలో చదివాను. ఆయన పేషెంటయితే నేను చేతులు పట్టుకోను. సూది మాట అసలే లేదు.

సూదులు, మందుబిళ్లలు, మత్తు, ఎనీమా, పాదరసం థర్మామీటర్ మా గదిలోకి రావు. తాగి ఉంటే ఆట లేదు. ఫోన్లు అవతలి గదిలో ఉంటాయి.

ఆటలో 'వద్దు డాక్టరుగారూ' అన్నది డైలాగు కూడా కావచ్చు. అందుకే నిజంగా ఆపాలంటే వేరే మాట ఉండాలి. మాది 'జీడిపప్పు'. పలాస పక్కనే కదా, నోటికి అదే వచ్చింది. అది వినపడగానే కోటు విప్పెయ్యాలి, ఎందుకని అప్పుడే అడగకూడదు. నోట్లో డిజిటల్ థర్మామీటర్ ఉన్నప్పుడు మాట రాదు కాబట్టి చేతిమీద రెండుసార్లు తడితే అదే అర్థం. ముందు ఆపమనే గుర్తుగా స్పూను కింద పడేద్దామనుకున్నాం గానీ, పక్క గదిలో అత్తగారు లేచొస్తారు.

ముట్టుకునే ముందు ప్రతిసారీ చెప్పడం మరో నియమం. 'ఏటమ్మా, ఏటయింది? ఇప్పుడు వీపుమీద పెడతాను, పర్లేదా?' అని మా ఆయన మన ఊరి డాక్టరు గొంతుతో అడుగుతాడు. 'ఊఁ' అనేదాకా చెయ్యి రాదు. ఇది జాగ్రత్త కోసమని పెట్టుకున్నాం. తీరా చూస్తే నాకు మొత్తం ఆటలో నచ్చేది ఆ అడగడం, ఆ ఆగడమే. అడిగితే మూడ్ పోతుందనేవాళ్లు ఒకసారి ఇలా అడిగించుకుని చూడాలి.

అయ్యాక వెంటనే పడుకోం. మంచినీళ్లు తాగి, 'బావా' అని మామూలుగా పిలిచి, కాసేపు పిల్లల ఫీజుల గురించో రేపటి కూర గురించో మాట్లాడుకుంటాం. ఏదైనా నచ్చకపోతే ఆ రాత్రి కాదు, మర్నాడు టీ దగ్గర చెప్పుకుంటాం. అవసరమైతే కాగితంలో ఓ గీత అటునుంచి ఇటు మారుతుంది. నా 'చూద్దాం' వరసలోవి కొన్ని 'వద్దు'లోకి పోయాయి. ఆయన ఎందుకని అడగలేదు. నొప్పిగానీ, దడగానీ నిజంగా వస్తే మాత్రం ఆట కట్టిపెట్టి అసలు డాక్టరు దగ్గరికే వెళ్లండి. మన చెవికి వినిపించేది చప్పుడే, జబ్బు కాదు.

చెమట, ఒంటి జిడ్డు పట్టి మా స్టెతస్కోపు ట్యూబు ఈమధ్య గట్టిపడింది. మెడకి వేసుకోకుండా డబ్బాలో పెట్టుంటే ఇంకొన్నాళ్లు వచ్చేది. కొత్తది కొనేటప్పుడు చెవి రబ్బర్లు ఒక జత అదనంగా అడిగి తీసుకోండి, ముందు పోయేవి అవే.