సూరిబాబుకి ఎండ, వెలుగు, నిద్ర: ఐదేళ్ళు వాడి చూశాక

మా ఇంట్లో ఉన్నది బియర్డెడ్ డ్రాగన్. ఆస్ట్రేలియా లోపలి ఎండు నేలల జంతువు. మన పెరటి తొండదీ దీనిదీ ఒకటే కుటుంబం. మా అమ్మకి అది తొండే. ఎదురింటి పిన్నిగారికి ఊసరవెల్లి. మా మావయ్య వచ్చినప్పుడల్లా "తొండ ముదిరి ఊసరవెల్లి అవడమంటే ఇదేనేట్రా?" అని అదే జోకు. ఎండ కోసం మొహం వాచిపోయినట్టు ఉంటాడు కాబట్టి నేను సూరిబాబు అని పెట్టాను. శ్రీకాకుళంలో, అందులోనూ అరసవల్లి రోడ్డులో ఉంటూ ఇంకేం పేరు పెడతాం.

2021 ఫిబ్రవరిలో విశాఖలో ఉండే స్నేహితుడు ఊరు మారుతూ, కాగితాలతో సహా నా చేతిలో పెట్టాడు. అప్పటికి జానెడు పిల్ల. ఇప్పుడు తోకతో కలిపి ఒకటిన్నర అడుగు, 420 గ్రాములు. ఈ ఐదేళ్ళలో వాడి కోసం కొన్న సామాన్లలో ఏది నిలిచింది, ఏది అటకెక్కింది అన్నదే ఇక్కడ రాస్తున్నాను. ముందే ఒక మాట. నెట్‌లో దొరికే సలహాల్లో చాలా వరకు చలిదేశాల వాళ్ళు రాసినవి. గది వేడెక్కకపోవడం వాళ్ళ బాధ. మనకి వేడి అడక్కుండానే వస్తుంది. దాన్ని ఎప్పుడు ఆపాలి, రాత్రిపూట నిజమైన చీకటి ఎలా ఇవ్వాలి అన్నవే మన తిప్పలు.

బల్బుతో మొదలుపెడతా. స్నేహితుడు ఇచ్చిన గాజు తొట్టిలో 75 వాట్ల స్పాట్ బల్బు, దాని కింద కడప రాయి ముక్క, గోడకి అంటించిన ముల్లు థర్మామీటరు ఉండేవి. ముల్లు ఎప్పుడూ 32 దగ్గరే. నేను ధీమాగా ఉన్నాను. సూరిబాబు మాత్రం రాయి ఎక్కడం, నోరు తెరవడం, నిమిషంలో దూకేసి మూలకి పోవడం. నోరు తెరిచి ఒళ్ళు చల్లబరుచుకోవడం వీటికి మామూలే, కానీ ఇలా పారిపోవడం మామూలు కాదు. మా వీధిలో ఏసీలు బాగుచేసే కుర్రాడి దగ్గర గురిపెట్టి కొలిచే టెంపరేచర్ గన్ ఉంటే అడిగి తెచ్చాను. రాయి మీద 54 డిగ్రీలు! గోడ మీద 32. రెండింటి మధ్యా మూరెడు దూరం లేదు. నల్లరాయి కదా, పీల్చినంతా పీల్చి పెనంలా కూర్చుంది.

ఆ సాయంత్రమే గన్ ఆర్డర్ పెట్టాను. ₹900. ఐదేళ్ళలో నేను కొన్న వాటిలో మొదటి మార్కు దానికే. పెద్దదానికి ఎండ కాచుకునే చోటు ఉపరితలం 38 నుంచి 42 దాకా ఉండాలి, అవతలి చివర 25 నుంచి 28. మధ్యలో తనకి కావలసిన చోటు తనే వెతుక్కుంటుంది. కడప రాయి తీసేసి, మా పాత ఇంటి బంగాళా పెంకు ఒకటి బోర్లించాను. 75 వాట్ల బల్బు స్థానంలో మామూలు ఎలక్ట్రికల్ షాపులో దొరికే 50 వాట్ల హాలోజన్ రిఫ్లెక్టర్ బల్బు. పెంకు మీద 40, 41. ఇప్పటికీ అదే పెంకు. అంచు అరిగింది, అంతే. పెట్టె మీద బల్లి బొమ్మ ఉన్న బల్బుకి మూడింతల ధర పెట్టి రెండుసార్లు కొన్నాను. మా ఓల్టేజీ ఎగుడుదిగుళ్ళకి అవీ మూడు నెలలకే పోయాయి, ఇవీ అంతే. ఏది కొన్నా బల్బుకి డిమ్మింగ్ థర్మోస్టాట్ (వేడి పెరిగేకొద్దీ బల్బుని తనే తగ్గించేది) పెట్టుకోండి. కరెంటుతో వేడెక్కే రాయి అమ్ముతారు, దాని జోలికి వెళ్ళకండి. వీటికి వేడి పైనుంచి రావాలి. కింద కాలుతున్నా చప్పున లేవవు, పొట్ట బొబ్బలెక్కుతుంది.

తర్వాత యూవీబీ ట్యూబ్. ఇది లేకపోతే మిగతావన్నీ ఉండీ దండగే. ఎండలోని యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలు చర్మానికి తగిలితేనే విటమిన్ డీ3 తయారవుతుంది, అది ఉంటేనే తిన్న కాల్షియం ఒంటబడుతుంది. లేకపోతే ఎముకలు మెత్తబడతాయి. స్నేహితుడి సెట్టులో ఉన్నది చుట్టలు తిరిగిన చిన్న బల్బు. రెండు నెలలకి సూరిబాబు ముందుకాళ్ళ వేళ్ళు సన్నగా వణకడం చూశాను. విశాఖలో డాక్టరు దవడ నొక్కి చూసి "ఇంకా ముదరలేదు, ట్యూబ్ మార్చండి" అన్నారు. ఆర్కేడియా కంపెనీ వాళ్ళ 12 శాతం యూవీబీ రకం టీ5 (సన్న) ట్యూబ్, 39 వాట్లది, ఫిట్టింగుతో కలిపి ఆరు వేలు దాటింది. జాలీ పైన పెడితే జాలీయే మూడో వంతు దాకా మింగేస్తుందని లోపలే బిగించాను, వాడి వీపుకీ ట్యూబుకీ మధ్య 40 సెంటీమీటర్లు. బల్బు వేడి, ట్యూబ్ వెలుగు రెండూ ఆ పెంకు మీదే పడాలి, చెరో మూలా కాదు. కాల్షియం పొడి కూడా చల్లుతూ వచ్చాను. రెండు నెలల్లో వణుకు పోయింది.

కిటికీ పక్కన పెడితే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. కిటికీ అద్దం యూవీబీని ఆపేస్తుంది. నేను ఆదివారాలు పొద్దున్న ఏడున్నరకి మేడ మీద, ఇనప జాలీ బుట్ట కింద ఇరవై నిమిషాలు వదులుతాను. సగం బుట్ట మీద తడి గోనె, పక్కనే నేను, కాకుల కోసం కర్ర. గాజు తొట్టితో ఎండలో పెట్టారా, పది నిమిషాల్లో అది ఆవిరి కుక్కర్.

ఇక నా డబ్బులు తినేసింది రాత్రి పెట్టే ఎర్ర బల్బు. ఎర్ర వెలుగు వీటికి కనబడదని అమ్మినవాడు చెప్పాడు. శుభ్రంగా కనబడుతుంది. పదిహేను రోజులు రాత్రి ఒంటిగంటకి చూసినా తల ఎత్తుకుని కూర్చుని ఉండేవాడు, పొద్దున్న కీచురాళ్ళు వేస్తే మొహం తిప్పేసేవాడు. శ్రీకాకుళంలో రాత్రి వేడి అందించాల్సిన అవసరమే దాదాపు లేదు. 18 దాకా పడినా ఆరోగ్యంగా ఉన్నదానికి ఏం కాదు, మా గదిలో జనవరిలో కూడా 20 కిందికి దిగడం నేను చూడలేదు. వేడి తప్పనిసరైతే వెలుగు ఇవ్వని సెరామిక్ హీటరు ఉంది. నేను ఒకటి కొన్నాను, ఐదేళ్ళలో పది రాత్రులు కూడా వాడలేదు.

ఎర్ర బల్బు తీసేసినా నిద్ర కుదరలేదు. కారణం మేమే. పెట్టె హాల్లో ఉండేది. అమ్మ సీరియళ్ళు పదిన్నర దాకా, నా ఫోను పన్నెండు దాకా, పైన ట్యూబ్‌లైటు. వీటికి నడినెత్తిన బియ్యపు గింజంత మూడో కన్ను ఉంటుంది. బొమ్మ కనబడదు, వెలుగూ నీడా తెలుస్తాయి. కళ్ళు మూసుకున్నా నెత్తిమీద పగలే. 2016లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు ఈ జాతి నిద్రనే కొలిచి సైన్స్ పత్రికలో రాశారు. మనలాగే వీటికీ గాఢనిద్ర, కనుగుడ్లు కదిలే నిద్ర రెండూ ఉన్నాయి. మనకి గంటన్నర పట్టే చక్రం వీటికి 80 సెకన్లలో తిరిగొస్తుంది. అంటే రాత్రంతా వందల సార్లు. అది చదివాక పెట్టెని వెనక గదిలోకి మార్చి, ముందు అద్దానికి నల్లటి గొడుగు గుడ్డ కుట్టించాను. ఇబ్బందిగా ఉంటే వీటికి గడ్డం నల్లబడుతుంది. నాలుగో రోజుకి ఆ నలుపు పోయింది, తిండి మొదలైంది.

టైమరు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మొదట పళ్ళ చక్రం ఉన్న ₹350 టైమరు కొన్నాను. ఏడుకి వెలుగు, ఏడుకి చీకటి. నెల తిరిగేసరికి రాత్రి తొమ్మిదింపావుకి కూడా వెనక గదిలో వెలుగు. ఎలుకలు తీగ కొరికాయనుకుని గోడంతా వెతికాను. తీరా చూస్తే కరెంటు పోయినప్పుడల్లా ఆ చక్రమూ ఆగిపోతోంది. పావుగంట కోత పడితే పావుగంట వెనక్కి. మన ఊళ్ళో కరెంటు ఎన్నిసార్లు పోతుందో లెక్క కావాలంటే ఆ టైమరు కొనుక్కోండి, చక్కగా చెబుతుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్‌ది ₹1,100. మూడేళ్ళుగా నిమిషం తప్పలేదు. వేసవిలో 13 గంటలు, డిసెంబరుకి మెల్లగా 10కి దించుతాను.

ఆ టైమరు టిక్కుమనగానే ఏం జరుగుతుందో చూడ్డం నాకు కాఫీ కన్నా ముఖ్యం. మొదట ఒక కన్ను. రెండోది ఇంకో రెండు నిమిషాలకి. ఒళ్ళు బొగ్గులా నలుపు చేసుకుని, పక్కటెముకలు పరిచి అప్పడంలా అయిపోయి పెంకు ఎక్కుతాడు. పావుగంటకి నలుపు కరిగి పసుపు వస్తుంది. అప్పుడే తిండి. సాయంత్రం ఆరు నలభైకి, లైటు ఆరకముందే, సరుగుడు దుంగ వెనక్కి వెళ్ళి వెనక కాళ్ళు బారజాపి పడుకుంటాడు. వాడికి టైమెవరు చెప్పారో!

మే నెల వేరే లోకం. మధ్యాహ్నం గదే 36 ఉంటుంది. బయట వడగాడ్పు, లోపల ఉప్పుగాలి ఉక్క. అప్పుడు బల్బు పొద్దున్న రెండు గంటలే, తర్వాత ట్యూబ్ ఒక్కటే. మొదటి వేసవిలో థర్మోస్టాట్ చూసుకుంటుంది కదా అని వదిలేశాను. అది బల్బుని ఆర్పగలదు గానీ గదిని చల్లార్చలేదు. చల్లగా ఉండాల్సిన చివరే 37 అయితే వాడు ఎక్కడికి పోతాడు? ఆ జూన్‌లోనే గాజు తొట్టి తీసేసి, వడ్రంగి చేత నాలుగడుగుల ప్లైవుడ్ పెట్టె చేయించాను, రెండు పక్కలా జాలీలతో. ఉక్కకి కూడా అదే మందు. చెమ్మ, చలి కలిస్తే వీటికి ఊపిరితిత్తులు పట్టేస్తాయి. ఇప్పుడు ఎండ ముదిరిన రోజుల్లో మట్టిపళ్ళెంలో చల్లటి నీళ్ళు పోసి చల్లని వైపు గోడకి ఆనించి బయట పెడతాను. ఏసీ కూడా వేస్తాను. "నాకెప్పుడైనా ఏసీ ఏసావేట్రా?" అని అమ్మ అడిగినప్పటి నుంచి ఆమె మంచం కూడా అదే గదిలోకి వచ్చింది. సీరియల్ మాత్రం హాల్లోనే.

కరెంటు గురించి అసలు పాఠం 2021 సెప్టెంబరు 26 రాత్రి. గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మాకు ఆ సాయంత్రం పోయిన కరెంటు రెండు రోజులు రాలేదు. చలికి చచ్చిపోతాడేమోనని నేను ఒకటే టెన్షన్, వేడినీళ్ళ సీసాలు, కంబళ్ళు. గదిలో 26 డిగ్రీలు ఉంది! చలి అసలు సమస్యే కాదు. ఆ మధ్యాహ్నమే కడుపునిండా కీచురాళ్ళు పెట్టాను, అదీ నేను చేసిన తప్పు. తిన్నది అరగాలంటే ఎండ కాచుకునే వేడి కావాలి. మూడో రోజు కక్కేశాడు. ఇప్పుడు తుపాను కబురు వినగానే తిండి ఆపేస్తాను. నీళ్ళు చాలు, పెద్దవాడు రెండు మూడు రోజులు తిండి లేకుండా హాయిగా ఉంటాడు. ఇంట్లో ఉన్న పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టరుకి ట్యూబ్ తగిలిస్తే తేనెటీగల్లా రొద, అది నాకు నచ్చలేదు, తీసేశాను.

డిసెంబరులో వాడు దుంగ కింద దూరి అయిదు వారాలు లేవకపోతే భయపడకండి అని రాయడం తేలిక. నేను మొదటిసారి రోజుకి నాలుగుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఇది చలికాలపు ముసుగు నిద్ర, బ్రూమేషన్ అంటారు. వారానికోసారి వంటింటి డిజిటల్ తక్కెడలో తూచాను. 418 గ్రాములు 409 అయ్యాయి, అంతే. బాగా తగ్గితే మాత్రం అది నిద్ర కాదు, డాక్టరు పని.

కరెంటు ఖర్చు అనుకున్నంత లేదు. బల్బు, ట్యూబ్ కలిపి రోజూ 12 గంటలు వెలిగినా నెలకి 32 యూనిట్లు. ఏసీ సంగతి వేరు, అది అమ్మ ఖాతా.

ఇంట్లో ఇంకా తేలని గొడవ ఒకటే. యూవీబీ ట్యూబ్ ఏడాదికోసారి మార్చాలి, వెలుగు అలాగే ఉన్నా అందులోని యూవీబీ పడిపోతుంది. ఆ తేడా కంటికి కనబడదు. ఈ ఏప్రిల్‌కి ఐదోది కూడా దిగిపోతుంది. దిగిన నాలుగూ బీరువా మీద పాత చీరలో చుట్టి ఉన్నాయి. పారేద్దామని తీసినప్పుడల్లా అమ్మ అడ్డొస్తుంది, "ఎలుగుతున్న ట్యూబ్‌లైటు ఎవులైనా పారేత్తారేట్రా?" అని.