ఇంజిన్ జిడ్డుకి గిన్నెలు తోమే లిక్విడ్: ఐదేళ్ల వాడకం తర్వాత

మా పెట్రోల్ వ్యాగన్ఆర్‌కి పన్నెండేళ్లు. ఐదేళ్లుగా దాని ఇంజిన్‌ని ఏడాదికి రెండుసార్లు ఇంటి దగ్గర నేనే కడుక్కుంటున్నాను. అంతకుముందు ఒకచోట వాటర్ వాష్ చేయించాను. ప్రెషర్ గన్‌తో కొట్టి, మెరుపు కోసం పైన డీజిల్ చల్లారు. మర్నాడు స్టార్ట్ చేస్తే ఇంజిన్ కుదుపులతో ఒకటే మిస్సింగ్, చెక్ ఇంజిన్ లైటు. స్పార్క్ ప్లగ్‌కి కరెంటు ఇచ్చే కాయిల్‌లోకి నీళ్లు వెళ్లాయి. ఆ డీజిల్‌కి వారం తిరక్కుండానే దుమ్ము పట్టి మళ్లీ మడ్డి కట్టింది.

కిరోసిన్ కూడా వాడి చూశాను. జిడ్డు బాగా వదులుతుంది, కాదనను. కానీ రబ్బరు గొట్టాలు ఉబ్బుతాయి, ఇంజిన్ వేడిగా ఉంటే అంటుకునే ప్రమాదమూ ఉంది. అందుకే మానేశాను.

ఇప్పుడు వాడేది అర బకెట్ గోరువెచ్చని నీళ్లు, నాలుగు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్, ఒక పెయింట్ బ్రష్షు, పాత టూత్‌బ్రష్షు. ఇంజిన్ చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీస్తాను. బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్, ఫ్యూజ్ బాక్స్, కాయిల్స్, ఎయిర్ ఫిల్టర్ మూతి, వీటికి పాలిథిన్ కవర్లు గట్టిగా కట్టాల్సిందే. ఇక్కడ బద్ధకిస్తే పడ్డ కష్టమంతా వృథా. కడగడానికి మగ్గుతో కొద్దికొద్దిగా నీళ్లు చాలు, పైపు వద్దు.

మొదటిసారి ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) అంచున టూత్‌బ్రష్షు పెట్టి రుద్దుతుంటే నురగ ముందు టీ రంగులోకి, తర్వాత తారులా నల్లగా మారింది. నాలుగోసారి రుద్దాక అల్యూమినియం తెల్లగా బయటపడింది. నెల తిరిగేసరికి అదే అంచున దారంలా సన్నటి తడి గీత. మూత కింది ప్యాకింగ్ నుంచి ఆయిల్ లీకు! ఇన్నాళ్లూ మడ్డి కింద కనబడలేదు. మెకానిక్ చేత ప్యాకింగ్ మార్పించాక జిడ్డు పట్టడమే సగానికి సగం తగ్గింది. నా లెక్కలో ఈ కడుగుడు వల్ల అసలు లాభం ఇదే.

సైలెన్సర్ గొట్టం దగ్గర కాలి అట్టకట్టిన నలుపు మాత్రం దీనికి పోదు, నేను వదిలేశాను. దానికోసం కాస్టిక్ సోడా జోలికి వెళ్లకండి, అల్యూమినియాన్ని తినేస్తుంది. బ్యాటరీ టెర్మినల్ మీది తెల్ల పొడికి వంటసోడా నీళ్లు సరిపోతాయి.

కడిగాక కవర్లు తీసి, గుడ్డతో తుడిచి, బానెట్ ఎత్తి రెండు గంటలు ఎండలో ఉంచుతాను. ఐదేళ్లలో మళ్లీ ఒక్కసారి కూడా మిస్సింగ్ రాలేదు.