నెల్లూరు వృద్ధాశ్రమంలో మా నాయన: నాకు నచ్చింది ఆ నోటుబుక్కు

మా నాయన ఉంటున్న ఆశ్రమం గురించి అడిగేవాళ్లంతా గదులు, ఏసీ, ఫీజు గురించే అడుగుతారు. అవన్నీ ఊళ్లో మిగతా చోట్ల ఉన్నట్టే ఉన్నాయి. నేను చెప్పాల్సింది వాళ్ల నోటుబుక్కు గురించి. నర్సు, ఫిజియో, వంటామె అందరూ నాయన పేరు మీదున్న ఒకే పుస్తకంలో రాస్తారు. చదువు రాని ఆయా చెబితే నర్సు రాస్తుంది. అంతకుముందు చూపించిన చోట ఎవరి చీటీ వాళ్లదే.

పోయిన ఎండాకాలం నాయన నడక మానేశారు. లేచి నిలబడితే చాలు, కళ్లు తిరిగేవి. వయసు మీద పడిందిలే అన్నారు చుట్టాలు. ఫిజియో ఒప్పుకోలేదు. కాళ్లలో బలం బాగానే ఉంది, బీపీ చూడండి అని పుస్తకంలో రాశాడు. నర్సు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు ఇంకోసారి చూసింది. పై అంకె 138 నుంచి 110కి పడింది. 20 పడినా వదిలేయకూడదట.

అసలు సంగతి ఆయా చెప్పింది. "పెద్దాయన సాయంత్రం నుంచి నీళ్లు ముట్టడం లేదు మేడం. రాత్రి బాత్రూంకి లేవాల్సొస్తాదని భయం." నాయన బీపీ మాత్రలో ఒంట్లో నీటిని మూత్రంగా పంపేసే మందు కూడా ఉంది. దానికి రోహిణి ఎండలు తోడయ్యాయి. డాక్టరు మాత్ర మార్చారు. వంటామె పగటిపూట మజ్జిగ, పల్చటి రాగిజావ పెంచింది. ఆయా రాత్రిళ్లు మంచం పక్కనే యూరిన్ క్యాన్ పెట్టింది. ఫిజియో కాసేపు మంచం అంచున కూర్చోబెట్టాకే లేపేవాడు. ఎండలు తగ్గేసరికి నాయన చేతికర్రతో గేటు దాకా నడిచారు. వీళ్లలో ఏ ఒక్కరు చెప్పకపోయినా ఆయన మంచంలోనే ఉండిపోయేవారు. వాళ్లందరికీ నేను రుణపడి ఉన్నాను.

ఆ పుస్తకాన్ని అంత పట్టుగా నడిపించిన హెడ్ నర్సు ఈమధ్య మానేశారు. రాత్రి డ్యూటీ వాళ్లు ఇప్పుడు "నార్మల్" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తున్నారు. సంక్రాంతికి ఫిజియో ఊరెళితే, ఏం చేయించాలో పుస్తకంలో ఉన్నా నాయనను లేపినవాళ్లు లేరు. నేను గట్టిగా అడిగాకే మొదలుపెట్టారు.

నేనుండేది కోవూరులో, పెన్న బ్రిడ్జి దాటితే నెల్లూరే. ఆదివారాలు వెళ్లి పుస్తకం తిరగేస్తాను. నాయనకు మతిమరుపు లేదు, కావాల్సింది అడగగలరు. కాబట్టి మాకు సరిపోయింది. అమెరికా నుంచి ఫోన్‌లో కనుక్కునేవాళ్లకు ఇదే మాట ధైర్యంగా చెప్పలేను. చేర్చేముందు మాత్రం డ్యూటీ మారే వేళకు ఒకసారి వెళ్లి, దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు ఏం చెబుతున్నారో వినండి.