ఏడో సినిమాకీ వెళ్లాం: జురాసిక్ వరల్డ్ రీబర్త్

ఈసారి కూడా బాబాయిని తీసుకునే వెళ్లాను. 1994లో ఏలూరు నుంచి విజయవాడకు బస్సులో తీసుకెళ్లి నాకు జురాసిక్ పార్క్ చూపించింది ఆయనే. అప్పుడు నాకు పదేళ్లు. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలేదు. బాబాయికీ అంతంతమాత్రమే. అయినా వానలో కారు ఆగిపోయి, గ్లాసులో నీళ్లు గుండ్రంగా వణకడం మొదలవగానే హాలంతా నిశ్శబ్దం అయిపోయింది. నేను బాబాయి ముంజేతిని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, గోళ్ల గాట్లు రెండు రోజులున్నాయని ఇప్పటికీ చెబుతాడు.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. రోజుకు ఎనభై, తొంభై మందికి రక్తం తీస్తాను. ఈ పనిలోకి రావడానికి మొదటి బీజం ఆ సినిమాయే. దోమ తాగిన రక్తం, ఆ దోమను కప్పేసిన చెట్టు జిగురు, దాంట్లోంచి డీఎన్ఏ. సినిమా మధ్యలో చిన్న కార్టూన్ బొమ్మ వచ్చి అదంతా చెబుతుంది కదా, భాష రాకపోయినా ఆ ఒక్కటీ నాకు అర్థమైంది. కోట్ల ఏళ్ల పాటు డీఎన్ఏ చెడకుండా నిలవదని తర్వాత చదువులో తెలిసింది. తెలిసినా ఇష్టం ఇసుమంత కూడా తగ్గలేదు.

కాబట్టి రీబర్త్ కథ రక్తం చుట్టూ తిరుగుతుందని తెలిసినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. గుండెజబ్బుకు మందు తయారు చేయాలి. అందుకు నేల మీద, నీళ్లలో, గాలిలో ఉండే మూడు అతి పెద్ద జంతువుల రక్తం కావాలి, అదీ బతికున్న వాటి నుంచి. స్కార్లెట్ జొహాన్సన్, మహర్షలా అలీ, జొనాథన్ బెయిలీ ఒక మందుల కంపెనీ వాడితో కలిసి భూమధ్యరేఖ దగ్గరున్న దీవికి వెళ్తారు. మన రక్తంలోని ఎర్రకణాల్లో డీఎన్ఏ ఉండే కేంద్రకం ఉండదు. కోడికి, బల్లికి, మొసలికి ఉంటుంది. అందుకే వాటి రక్తం ఒక్క బొట్టు చాలు, డీఎన్ఏ దండిగా దొరుకుతుంది. ఇలాంటి మాట ఒక్కటైనా సినిమాలో వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. సూది బాణంలా వెళ్లి గుచ్చుకుంటుంది, గొట్టం నిండుతుంది, ఊడి చిన్న పారాచూట్‌తో కిందకు దిగుతుంది. చూడటానికి బావుంది. కానీ మేం ఊదా మూత ట్యూబులో రక్తం తీశాక మెల్లగా ఎనిమిది, పది సార్లు తలకిందులు చేస్తాం. లేకపోతే గడ్డకట్టేస్తుంది, మళ్లీ పేషెంటుకు సూది గుచ్చాలి. అలాంటి చిన్న జాగ్రత్త ఒక్కటి చూపించినా, వీళ్ల చేతిలో ఉన్నది ఎంత విలువైనదో హాల్లో ప్రతి ఒక్కరికీ తెలిసేది. 1993లో మొదటి సినిమా తీసిన స్పీల్‌బర్గ్, పని ఎలా జరుగుతుందో చెప్పడానికి సినిమానే ఆపాడు. ఇప్పుడు అంత తీరిక లేదు.

మొదటి సీన్ అయితే నాకు కోపమే తెప్పించింది. అంత ప్రమాదకరమైన జంతువును ఉంచిన ల్యాబ్‌లో ఒక చాక్లెట్ కాగితం ఎగిరి వెళ్లి తలుపుల వ్యవస్థనే చెడగొడుతుందట. శాంపిల్స్ ఉన్న గదిలోకి మేం బిస్కెట్ ముక్క కూడా తీసుకెళ్లం.

ఇంతకీ సినిమా బావుందా? సగం చాలా బావుంది. ఆ సగం కోసం టికెట్ డబ్బులు పెట్టొచ్చు.

నది సీన్ గురించి చెప్పాలి. టీ-రెక్స్ ఒడ్డున పడుకుని నిద్రపోతోంది. ఓడ మునిగి దీవిలో చిక్కుకున్న కుటుంబంలోని పెద్దమ్మాయి, దానికి కాస్త దూరంలోనే ఉన్న గాలి పడవను చప్పుడు కాకుండా లాక్కురావాలి. తాడు లాగేసరికి పడవలోకి బుస్సుమని గాలి ఎక్కి అడ్డంగా లేచి నిలబడుతుంది. మనకు జంతువు కనిపించదు. పడవ మళ్లీ కిందకు పడేసరికి పడుకున్న చోటు ఖాళీ. నా పక్కన మావాడు, పదకొండేళ్లవాడు, పాప్‌కార్న్ డబ్బా ఒళ్లో పెట్టుకుని నమలడం ఆపేశాడు. ముప్పై ఏళ్ల కిందట నేను కూడా ఇలాగే కూర్చున్నాను. ఈ పడవ వెంటపడే ఘట్టం మైకేల్ క్రైటన్ అసలు నవలలోదే. అప్పట్లో సినిమాలో పెట్టలేదు. ఇన్నాళ్లకు గారెత్ ఎడ్వర్డ్స్ తీశాడు. మొదటి సినిమాకు రాసిన డేవిడ్ కెప్పే దీనికీ రాశాడు, ఆ చెయ్యి ఇక్కడ తెలుస్తుంది.

ఇంకొకటి, ఎత్తుగా పెరిగిన గడ్డిలో టైటనోసార్ల సీన్, అంటే పొడవాటి మెడల భారీ డైనోసార్లు. మొదటి సినిమాకు జాన్ విలియమ్స్ కట్టిన పాత బాణీ వినిపిస్తుంది. మ్యూజియంలో పనిచేసే బెయిలీ పాత్ర మొదటిసారి బతికున్న డైనోసార్ కాలి మీద చెయ్యి వేసి కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. నాకూ వచ్చేశాయి. 1993 సినిమాలో శాస్త్రజ్ఞుడు గ్రాంట్, జబ్బుపడిన ట్రైసెరాటాప్స్ అనే డైనోసార్ పొట్ట మీద వాలిపోయి, ఊపిరితో పాటు తనూ లేస్తూ దిగుతూ ఉంటాడు చూడండి, నా లెక్కలో ఈ వరుస సినిమాలన్నిటికీ ప్రాణం అదే. అక్కడ పోరాటం లేదు, పరుగు లేదు. జబ్బుపడిన ఒక జంతువు, దాని పక్కన ఒక మనిషి, అంతే. నూట ఇరవై ఏడు నిమిషాల ఆ మొదటి సినిమాలో డైనోసార్లు కనిపించేది పదిహేను నిమిషాలకు అటూ ఇటూ మాత్రమే. మిగతా సేపంతా వాటి గురించి మాట్లాడుకుంటారు, వెతుకుతారు, ఎదురుచూస్తారు. అందుకే కనిపించినప్పుడు గుండె ఝల్లుమనేది.

తర్వాత వచ్చినవాళ్లకు ఆ ఓపిక లేకపోయింది. ఒక్కో సినిమాకూ ఇంకాస్త పెద్దది, ఇంకాస్త భయంకరమైనది కావాలి. మూడో దాంట్లో స్పైనోసారస్ వచ్చి టీ-రెక్స్ మెడ విరిచేసింది, నాకు సొంత మనిషిని కొట్టినట్టు అనిపించింది. (అదే సినిమాలో పొగమంచులోంచి టెరానొడాన్ అనే ఎగిరే జంతువు నడిచొచ్చే సీన్ మాత్రం అద్భుతం, దాన్ని ఎవరూ తలచుకోరు.) 2015లో మన ఇర్ఫాన్ ఖాన్ పార్కు యజమానిగా వచ్చినప్పుడు ఎంత గర్వపడ్డామో, ఆయన హెలికాప్టర్‌తో సహా సగంలోనే పోతే అంత ఉసూరుమన్నాం. 2022 నాటి డొమినియన్‌లో మొదటి సినిమాలోని గ్రాంట్, ఎల్లీ, మాల్కమ్ ముగ్గురూ కలిసి వస్తున్నారంటే నైట్ డ్యూటీ మార్పించుకుని మరీ వెళ్లాను. తీరా చూస్తే కథంతా మిడతల చుట్టూ. డైనోసార్ సినిమాకు వెళ్లి మిడతల దండు చూసి వచ్చాం. దానికి ముందొచ్చిన ఫాలెన్ కింగ్‌డమ్ మొత్తంగా నాకు నచ్చదు. కానీ లావా పొగలో రేవు చివర నిలబడి, వెళ్లిపోతున్న ఓడ వైపు చూస్తూ అరిచే ఆ బ్రాకియోసారస్‌ను మర్చిపోవడం నా వల్ల కాదు. ఇన్నేళ్లుగా నా పరిస్థితి ఇదే. ఏ సినిమానూ పూర్తిగా ప్రేమించలేను, ఏదీ పూర్తిగా వదిలెయ్యలేను.

రీబర్త్‌లోనూ చివరి అరగంటలో అదే జబ్బు. ఆరు అవయవాలతో, ఉబ్బిన నుదురుతో ల్యాబ్‌లో వికటించి పుట్టిన డిస్టార్టస్ రెక్స్ వస్తుంది. బాబాయి నా వైపు వంగి, "అమ్మాయ్, ఇదేం జంతువే?" అన్నాడు. మావాడు, "తాతయ్యా, అది ఏలియన్ లాంటిది" అన్నాడు. వాడి మాటే నిజం. అది ఏం తింటుంది, ఎక్కడ పడుకుంటుంది, దేనికి భయపడుతుంది అని ఒక్క క్షణం కూడా ఆలోచించాలనిపించదు. మిగతా డైనోసార్లలా దానికి జీవితం ఇవ్వలేదు. నిజంగా భూమి మీద తిరిగిన జంతువులు అన్ని రకాలుండగా, కల్పించినదాన్ని ఎందుకు తెస్తున్నారు?

పైగా సినిమా తన బాధ తానే చెప్పుకుంటుంది. కథలో జనానికి డైనోసార్ల మీద మోజు పోయింది, మ్యూజియంలో ప్రదర్శన ఎత్తేస్తున్నారు, న్యూయార్క్ వీధిలో ఒక పెద్ద జంతువు పడిపోయి ట్రాఫిక్ ఆగిపోతే అందరూ విసుక్కుంటున్నారు. నాకు మాత్రం మోజు పోలేదు. మా ఇంట్లో ఎవరికీ పోలేదు.

సినిమా చూసిన మరుసటి ఆదివారం ముగ్గురం బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్లాం. అక్కడ కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. మన గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలు. కోట అనేది అక్కడి రాతి పొరల పేరు, దాన్నిబట్టే దీనికి ఆ పేరు. రెండు పళ్లు తప్ప పుర్రె దొరకలేదు. అంటే మనకు కనిపించే తల శాస్త్రజ్ఞులు దీని చుట్టపు జంతువులను చూసి ఊహించినది. ఆ మాట చెప్పగానే మావాడు దాని ముఖం వైపు చాలాసేపు చూశాడు. "మరి నిజం తల ఇంకా మట్టిలోనే ఉందా?" అన్నాడు. బాబాయి వాడి భుజం మీద చెయ్యి వేసి, "ఉండొచ్చు నాన్నా" అన్నాడు. ఆ ప్రశ్న పుట్టించగల సీన్ ఒక్కటి ఉంటే చాలు, డిస్టార్టస్ రెక్స్‌ను నేను క్షమించేసేదాన్ని.

చూడాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. మేం తెలుగు డబ్బింగ్‌లో చూశాం, బాబాయికి ఈసారి కథ మొత్తం అర్థమైంది, ఆ సంతోషం వేరు. మేం వెళ్లిన హాల్లో త్రీడీ కళ్లద్దాలు గీతలు పడి ఉన్నాయి, రాత్రి సీన్లు మసకగా కనిపించాయి. ఇది నిజమైన ఫిల్మ్ మీద తీసిన సినిమా, ఆ పచ్చదనం, నీళ్ల రంగు కళ్లద్దాల వెనక పోగొట్టుకోవద్దు. టూడీలో చూడండి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలైతే చివరి అరగంటకు భయపడతారు. నేను ఐదుకు మూడు ఇస్తాను, అందులో ఒకటి పూర్తిగా నది సీన్‌కే. మీ పిల్లలకు ఇదే మొదటి డైనోసార్ సినిమా అయితే మాత్రం కాస్త ఆగండి. ముందు ఇంట్లో 1993 నాటిది పెట్టండి. లైట్లన్నీ ఆర్పేసి, సౌండ్ పెంచి, టేబుల్ మీద గ్లాసులో నీళ్లు పెట్టండి. మావాడికి అలాగే చూపించాను. కారు సీన్ రాగానే వాడు టీవీని వదిలేసి ఆ గ్లాసు వైపు చూశాడు.