తౌంజీలో ఫుట్‌బాల్: షాన్ యునైటెడ్ సొంతూరికి మా ప్రయాణం

మయన్మార్ వెళ్లే మనవాళ్లు యాంగోన్‌లో ష్వేడగాన్ పగోడా, బగాన్ గుళ్లు, ఇన్లే సరస్సు చూసి వెనక్కి తిరుగుతారు. ఇన్లే దాకా వెళ్లి కూడా పక్కనున్న తౌంజీ కొండ ఎక్కినవాళ్లు అరుదు. గైడ్లు సైతం "అక్కడేముంది, సంత తప్ప" అంటారు. మేం వెళ్లింది మాత్రం ఆ ఊరి కోసమే. ఆ దేశపు లీగ్‌ను పలుమార్లు గెలిచిన షాన్ యునైటెడ్ క్లబ్బు ఊరు అది.

2019 వానాకాలంలో నేనూ, మా మావయ్యా బయల్దేరాం. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపులో పెరిగిన మనిషి ఆయన. 1964లో రంగూన్ (ఇప్పటి యాంగోన్) నుంచి కట్టుబట్టలతో ఓడెక్కిన తెలుగు కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. ఆయనకు రంగూన్ కావాలి, నాకు ఫుట్‌బాల్ కావాలి. అప్పట్లో వీసా గొడవేమీ లేదు. అంతకుముందు డిసెంబరు నుంచి భారతీయులకు విమానాశ్రయంలోనే వీసా ఇచ్చేవారు, ఫీజు 50 డాలర్లు ఉండేది. నోట్లు మాత్రం మడత, మరక లేకుండా ఉండాలి. డబ్బు మార్చే చోట మావయ్య ఇచ్చిన వంద డాలర్ల నోటు మధ్యలో సన్నటి గీత ఉందని తిప్పి ఇచ్చేశారు.

యాంగోన్‌లో డౌన్‌టౌన్‌లోనే దిగాం, సూలే పగోడాకు నడిచిపోయే దూరంలో. అక్కడ చౌక గదులకు తరచుగా కిటికీ ఉండదు. బుక్ చేసేముందు అడిగి తీరాల్సిందే. ఇంకో పది డాలర్లు పెడితే కిటికీ, వేడినీళ్లు, పొద్దున టిఫిను అన్నీ దొరుకుతాయి. విదేశీయులను చేర్చుకోవాలంటే హోటలుకు ప్రత్యేక లైసెన్సు ఉండాలి కాబట్టి, బోర్డు చూసి లోపలికెళ్లి బేరమాడే పద్ధతి అన్నిచోట్లా కుదరదు. తిండికి మనవాళ్లకు లోటు లేదు. అనవ్రథా రోడ్డు పొడవునా బిర్యానీ హోటళ్లు, సందుల్లో దోసె బళ్లు. చేపల పులుసులో నూడుల్స్ వేసిచ్చే మోహింగా మాత్రం చేప వాసనకు అలవాటు పడ్డ నోటికే. నేను రోజూ తిన్నాను, మావయ్య ఒక్క ముద్దతో ఆపేశారు.

ఆంగ్ సాన్ స్టేడియం సెంట్రల్ రైల్వే స్టేషన్ పక్కనే. దూరప్రాంతాల బస్సు టికెట్లు అమ్మే కౌంటర్లు దాని చుట్టూనే ఉంటాయి కాబట్టి ప్రతి యాత్రికుడూ ఎప్పుడో ఒకప్పుడు అక్కడికి వెళ్తాడు, అది ఫుట్‌బాల్ మైదానమని గమనించకుండా టికెట్టు కొనుక్కుని వచ్చేస్తాడు. 1909 నాటి బర్మా అథ్లెటిక్ అసోసియేషన్ మైదానం ఇది. స్టాండ్ల కింద దుకాణాలు, గోడల మీద నాచు, కిళ్లీ ఉమ్మి మరకలు. పెద్ద మ్యాచ్‌లన్నీ ఎప్పుడో ఊళ్లోనే ఉన్న తువున్నా స్టేడియానికి తరలిపోయాయి. చూడ్డానికి పావుగంట చాలు. కానీ ఆ పావుగంట ఎవరి గురించి తలుచుకోవాలో తెలిసి వెళ్లాలి.

1966లో బ్యాంకాక్ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ను ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టు బర్మాది. 1970లో దక్షిణ కొరియాతో కలిసి మళ్లీ బంగారం. 1968 ఆసియా కప్పులో రెండో స్థానం. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో సోవియట్ యూనియన్, మెక్సికో చేతుల్లో చెరో గోలు తేడాతోనే ఓడి, సూడాన్‌ను 2-0తో గెలిచారు. మన జట్టు 1953లో కొలంబో కప్పు గెలిచింది కూడా ఈ రంగూన్‌లోనే. సుఖ్ బహదూర్ అనే గూర్ఖా మూలాల ఆటగాడి పేరు అక్కడి ముసలివాళ్లు ఇప్పటికీ చెబుతారు. టీ దుకాణంలో ఒక పెద్దాయన మావయ్యకు ఆ పేరు చెప్పి, చేత్తో షాట్ కొట్టి మరీ చూపించాడు.

ఆ తర్వాత ఆట చాలాకాలం ప్రభుత్వ శాఖల చేతుల్లో ఉంది. 1996లో మొదలైన ప్రీమియర్ లీగ్‌లో ఆర్థిక, రెవెన్యూ శాఖ జట్టే మొనగాడు. వాణిజ్యం, కస్టమ్స్ లాంటి శాఖలకూ జట్లుండేవి. ఊళ్ల పేరున క్లబ్బులు లేకపోతే ఊళ్లలో జనం ఎవరి కోసం అరుస్తారు? 2009లో ప్రొఫెషనల్ లీగ్ మొదలైంది, ఎనిమిది క్లబ్బులతో. దాని వెనక ఒక కథ ఉంది. అప్పటి సైనిక పాలకుడు తాన్ ష్వే మాంచెస్టర్ యునైటెడ్‌ను వంద కోట్ల డాలర్లకు కొనే ఆలోచన చేశాడని, తుపాను బాధితులు దిక్కులేక ఉన్నప్పుడు అది బాగుండదని మానుకుని, వ్యాపారవేత్తలను పిలిచి తలా ఒక క్లబ్బు పెట్టమన్నాడని అమెరికా రాయబార కార్యాలయం రాసిన లేఖ 2010లో వికీలీక్స్ ద్వారా బయటపడింది. మావయ్యకు చెబితే ఒకటే నవ్వు. "అంటే కాంట్రాక్టర్లందరికీ తలా ఒక జట్టు అంటగట్టాడన్నమాటరా!" అన్నారు.

అలా పుట్టిన వాటిలో తాయ్ జా అనే కుబేరుడి యాంగోన్ యునైటెడ్‌కు హ్లెదాన్ దగ్గర సొంత స్పోర్ట్స్ కాంప్లెక్సు ఉంది. శుభ్రంగా, పచ్చగా, మంచి టాయిలెట్లతో ఉంటుంది. సౌకర్యాల లెక్కన దేశంలో నేను చూసినవాటిలో అదే మేలు. ఎటొచ్చీ స్టాండ్లలో జనం పలచన. యాంగోన్ కుర్రాళ్లను అడిగితే చెల్సీ, లివర్‌పూల్ అంటారు, సొంతూరి జట్టు గోల్‌కీపరు పేరు చెప్పలేరు. తువున్నా ఇంకా పెద్దది, 1985 నాటిది. జాతీయ జట్టు ఆడే రోజైతే తప్పకుండా వెళ్లండి, లీగ్ మ్యాచ్ కోసమైతే టాక్సీ ఖర్చు దండగ.

తౌంజీకి విమానమైతే హేహోలో దిగాలి. అక్కడి నుంచి కొండ మీదికి టాక్సీ గంట పైనే. డబ్బుంటే అదే సుఖం. మేం రాత్రి బస్సెక్కాం, పదకొండు పన్నెండు గంటల ప్రయాణం. ఆంగ్ మింగలార్ బస్టాండు ఊరికి దూరంగా విమానాశ్రయం వైపు ఉంది. సాయంత్రం ట్రాఫిక్‌లో అక్కడికి చేరడానికే రెండు గంటలు పెట్టుకోండి. వీఐపీ బస్సుల్లో వరసకు మూడే సీట్లు, దుప్పటి, నీళ్లసీసా, ఒక బన్ను ఇస్తారు. ఏసీ మాత్రం ఎవరు బతిమాలినా తగ్గించరు. స్వెట్టర్, మఫ్లర్ చేతిసంచిలోనే ఉంచుకోండి. 115వ మైలు దగ్గర భోజనానికి ఆపుతారు. అర్ధరాత్రి అన్ని బస్సుల జనం ఒక్కచోట, జాతర వాతావరణం. బండ్లేమో కుడివైపు నడుస్తాయి, స్టీరింగు కూడా చాలా బళ్లకు కుడివైపే. ముందు సీటులో కూర్చుంటే ఓవర్‌టేక్ చేసిన ప్రతిసారీ దేవుడు గుర్తొస్తాడు.

తెల్లవారుజామున ష్వేన్యాంగ్ కూడలి వస్తుంది. విదేశీయులంతా అక్కడినుంచి న్యాంగ్‌ష్వే వైపు పోతారు. ఇన్లే పడవలు అక్కడే, గెస్ట్‌హౌసులు అక్కడే. ఊళ్లోకి ప్రవేశించేటప్పుడే అప్పట్లో సుమారు పది డాలర్ల టికెట్టు కోసేవారు. తౌంజీ అటు కాదు, ఇటు కొండెక్కి ఇరవై కిలోమీటర్లు. ఎక్కడ దిగాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. సరస్సు మాత్రమే చూసేవాళ్లకు న్యాంగ్‌ష్వే మేలు: గదులు బాగుంటాయి, ఇంగ్లీషు నడుస్తుంది, సైకిళ్లు అద్దెకిస్తారు. మ్యాచ్ చూడాలనుకుంటే తౌంజీలోనే దిగండి. సాయంత్రం ఆట ముగిశాక కొండ దిగడానికి షేర్ పికప్‌లు దొరకవు, టాక్సీవాడు నోటికొచ్చింది అడుగుతాడు. తౌంజీలో మేం దిగిన హోటల్లో పక్కలు చెమ్మ, గోడలు చెమ్మ, హీటరు ఊసే లేదు. వానాకాలంలో 1,400 మీటర్ల ఎత్తున అది చిన్న విషయం కాదు. రెండో రోజు గది మార్పించుకున్నాం. రిసెప్షన్‌లో అమ్మాయి మాత్రం బంగారుతల్లి. మ్యాచ్ ఎప్పుడో, ఎటువైపు గేటో ఫోన్లు చేసి కనుక్కుని చెప్పింది.

ఆ సాయం లేకపోతే ఇబ్బందే. షెడ్యూల్ అంతా ఫేస్‌బుక్‌లో, బర్మీస్‌లో, అంకెలు కూడా బర్మీస్‌లోనే. అప్పట్లో ఎక్కువమంది యూనికోడ్ కాని జాగీ ఫాంటు వాడేవాళ్లు కాబట్టి ఫోనులో అనువాదం కొడితే అర్థంపర్థం లేని మాటలు వచ్చేవి. ఇంగ్లీషు వెబ్‌సైట్లలో ఉన్న వేళలను నమ్ముకోవద్దు.

బర్మాకు ఫుట్‌బాల్ తెచ్చినవాడిగా చెప్పుకునే జేమ్స్ జార్జ్ స్కాట్ 1870ల చివర్లో రంగూన్ సెయింట్ జాన్స్ కాలేజీలో పంతులు. అక్కడే పిల్లల చేత మొదటిసారి బంతి తన్నించాడు. తర్వాత దొరల కొలువులో అధికారిగా షాన్ కొండలకు వచ్చాడు. 1894లో దక్షిణ షాన్ పాలనా కేంద్రాన్ని ఇన్లే ఒడ్డు నుంచి ఈ చల్లటి పీఠభూమికి మార్చిన కాలపు మనిషి ఆయన. ఊరికి నూరేళ్లు నిండాయని 1994లో కట్టిన తెల్లటి సులముని పగోడా ఇప్పటికీ దారిలో కనిపిస్తుంది. అదే 1994లో ఇదే ఊళ్లో కంబోజా బ్యాంకు పుట్టింది. ఇప్పుడు కేబీజెడ్ అనే పేరుతో దేశంలోకెల్లా పెద్ద ప్రైవేటు బ్యాంకు. 2009లో క్లబ్బులు పంచినప్పుడు ఆ బ్యాంకు సొంతూరి జట్టును తీసుకుంది, కంబోజా ఎఫ్‌సీ అని పేరు పెట్టింది.

మొదటి ఏడెనిమిదేళ్లు లీగ్ టైటిల్ దక్కలేదు. 2009 నుంచి 2016 దాకా ప్రతి లీగ్ టైటిలూ రెండు పెద్ద నగరాలకే పోయింది: మాండలే జట్టు యదనబోన్‌కో, యాంగోన్ యునైటెడ్‌కో. యదనబోన్ అయితే 2010లో ఏఎఫ్‌సీ ప్రెసిడెంట్స్ కప్పు కూడా కొట్టింది. ఈలోగా 2015 సీజన్ ముగిశాక కంబోజా పేరు తీసేసి షాన్ యునైటెడ్ అయ్యారు. బ్యాంకు పేరు పోయి రాష్ట్రం పేరు వచ్చింది. 2017లో మొదటి టైటిల్. 2018 జనవరిలో ఆసియా చాంపియన్స్ లీగ్ అర్హత మ్యాచ్‌లో ఫిలిప్పీన్స్ జట్టు సెరెస్ నెగ్రోస్ చేతిలో పెనాల్టీల్లో ఓడారు. ఆ సెరెస్సే తర్వాతి రౌండులో ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ రోర్‌ను ఓడించిందంటే షాన్ ఎంత దగ్గరికి వచ్చి ఆగిందో చూడండి. మేం వెళ్లిన 2019లోనూ చివరికి లీగ్ వాళ్లదే.

స్టేడియం చిన్నది, సుమారు 7,000 మంది పడతారు. చుట్టూ కొండలు, మీదికి దిగివచ్చే మబ్బు. టికెట్టు ఒక టీ, రెండు సమోసాల ఖర్చంత. గట్టి బెంచీలు, కప్పు ఒకవైపు మాత్రమే. మేం వెళ్లేసరికి ఆ వైపు నిండిపోయింది. గొడుగులు పట్టుకుని ఎదుటివైపు కూర్చున్నాం. అయినా యాంగోన్‌లో చూడనిది ఇక్కడ చూశాం: కుటుంబాలతో సహా వచ్చిన జనం, డోలు, వదులు షాన్ ప్యాంట్లేసుకున్న ముసలివాళ్లు, ప్రతి ఫౌలుకీ రిఫరీకి శాపనార్థాలు. జట్టులో ఆఫ్రికా నుంచి వచ్చిన స్ట్రైకర్ బంతి తాకగానే పిల్లలు అతని పేరు అరిచేవాళ్లు. ఆట నాణ్యత గొప్పగా లేదు. బురదలో పాసులు ఆగిపోయాయి, రెండో సగమంతా పొడుగు బంతులే. డబ్బుకు తగ్గ సాయంత్రం కాదు అనలేను. మావయ్య మొదట్లో ముడుచుకుని కూర్చుని, చివరి పావుగంట గొడుగు వదిలేసి లేచి నిలబడ్డారు.

క్లబ్బు జెర్సీ కొందామంటే దుకాణమే లేదు. సంతలో యూరప్ క్లబ్బుల నకిలీ జెర్సీలు గుట్టలు గుట్టలు, షాన్ యునైటెడ్‌ది ఒక్కటి లేదు. బ్యాంకు అండ ఉన్న క్లబ్బు ఇంత చిన్న పని చేసుకోలేకపోవడం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తౌంజీ తిండి మాత్రం యాంగోన్ కన్నా మనకు నప్పుతుంది. షాన్ నూడుల్స్‌లో చేప వాసన ఉండదు. శెనగపిండితో చేసే తోఫు ఇంకా మేలు. దాన్ని ఉడుకుడుకుగా, జారుగా, నూడుల్స్ మీద పోసి ఇస్తారు. శాకాహారులు "మాంసం వద్దు" అని బర్మీస్‌లో కాగితం మీద రాయించుకుని చూపిస్తే చాలు. ఐదు రోజులకోసారి తిరిగే సంత ఆ ఊరి వంతు వచ్చిన రోజున పడేట్టు ప్రయాణం పెట్టుకోండి. నవంబరు పున్నమికి జరిగే వేడిగాలి బెలూన్ల పండగకైతే గదులు నెలల ముందే అయిపోతాయి.

ఇదంతా 2019 మాట. 2021 ఫిబ్రవరి సైనిక కుట్రతో ఆ ఏడాది లీగ్ రద్దయింది. అదే మేలో జపాన్‌లో జరిగిన ప్రపంచ కప్ అర్హత మ్యాచ్‌లో మయన్మార్ గోల్‌కీపర్ ప్యే ల్యాన్ ఆంగ్ మూడు వేళ్లెత్తి నిరసన చూపి, జపాన్‌లోనే ఆశ్రయం కోరాడు. 2022లో లీగ్ మళ్లీ మొదలైంది, ఎక్కువగా యాంగోన్ మైదానాల్లోనే. ఆ ఏడూ, 2023లోనూ షాన్ యునైటెడే గెలిచింది, తన జనం ముందు కాకుండా. దక్షిణ షాన్‌లో యుద్ధం, 2025 మార్చి 28 భూకంపంలో ఇన్లే చుట్టుపక్కల కూలిన ఇళ్లు, వీటన్నిటి మధ్య సరదా యాత్రకు తౌంజీ వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. రాత్రి బస్సు అసలే వద్దు. పనిమీద యాంగోన్ వెళ్లేవాళ్లు మాత్రం విదేశాంగ శాఖ హెచ్చరికలు చూసుకుని, మ్యాచ్ వేళ హోటల్ వాళ్లచేత బర్మీస్‌లో కనుక్కోమనండి. షాన్ యునైటెడ్ మ్యాచ్ ఉంటే ఆ స్టాండు వైపు కూర్చోండి. అక్కడ పనికోసం వచ్చి స్థిరపడ్డ తౌంజీ వాళ్లు ఇద్దరు ముగ్గురైనా తగులుతారు, తోఫు ఎక్కడ బాగుంటుందో వాళ్లే చెబుతారు.