ఫాల్టీ టవర్సా, ఎస్ మినిస్టరా? ఆ తర్వాత ఏ డ్రామా?

మా బావమరిదికి మోకాలి ఆపరేషన్ అయింది. మూడు వారాలు మంచం దిగొద్దన్నారట. ఫోన్ చేసి, "బావా, ఎప్పుడూ ఆ బ్రిటిష్ సీరియళ్లు, బ్రిటిష్ సీరియళ్లు అంటుంటావుగా, నవ్వుకోడానికి ఒకటి, సీరియస్‌ది ఒకటి చెప్పు. లిస్టు మాత్రం ఇవ్వకు" అన్నాడు. లిస్టైతే ఐదు నిమిషాల్లో రాసి పంపేవాణ్ని. ఒక్కటే చెప్పమనేసరికి రెండు రోజులు పట్టింది, ఇంట్లో చిన్న గొడవ కూడా అయింది.

ముందుగా మిస్టర్ బీన్‌ని పోటీలోంచి తీసేశాను. దాన్ని ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు, మాటలే ఉండవు కాబట్టి మన ఇళ్లలో పిల్లల దగ్గర్నుంచి నాయనమ్మల దాకా అందరూ చూసేశారు (1990 నుంచి 1995 దాకా తీసినవి మొత్తం 15 ఎపిసోడ్లే అంటే నమ్మరు గానీ). 1977లో మొదలైన మైండ్ యువర్ లాంగ్వేజ్ కూడా వద్దనుకున్నాను. లండన్‌లో సాయంత్రం క్లాసులో ఇంగ్లిష్ నేర్చుకునే విదేశీయులు, వాళ్లలో ఒక సర్దార్జీ, క్లాసులో అల్లిక అల్లుకుంటూ కూర్చునే జమీలా, చిన్నప్పుడు పొట్ట పట్టుకుని నవ్వినవాళ్లమే. ఈమధ్య మళ్లీ చూస్తే ప్రతి పాత్రకీ ఒకటే జోకు, అది కూడా మొదటి ఎపిసోడ్‌లోనే అయిపోయింది. ద ఆఫీస్ గొప్పదే, స్లౌ అనే ఊళ్లో కాగితాలమ్మే కంపెనీ కథ, కానీ డేవిడ్ బ్రెంట్ అనే ఆ బాసు నోరు తెరిస్తే చాలు చూసే మనకి సిగ్గుతో ఒళ్లు ముడుచుకుపోతుంది. మోకాలే కదపలేనివాడికి ఆ శిక్ష వెయ్యడం న్యాయం కాదు.

ఇక మిగిలినవి రెండు.

ఫాల్టీ టవర్స్ అంటే 12 ఎపిసోడ్లు, 1975లో ఆరు, 1979లో ఆరు, అంతే. జాన్ క్లీజ్, కొన్నీ బూత్ కలిసి రాశారు, ఇద్దరూ అందులో నటించారు కూడా. మొదటి ఆరూ వచ్చినప్పుడు వాళ్లు భార్యాభర్తలు, రెండో ఆరు వచ్చేసరికి విడిపోయారు, అయినా రాత మాత్రం కలిసే రాశారు. కథాస్థలం టార్కీ అనే సముద్రం ఒడ్డు ఊరు. 1970లో మాంటీ పైథాన్ అనే హాస్య బృందం (క్లీజ్ అందులో ఒకడు) షూటింగ్ కోసం ఆ ఊరి హోటల్లో దిగినప్పుడు యజమాని అతిథుల్ని చీదరించుకునే తీరు చూసి క్లీజ్‌కి ఈ పాత్ర తట్టింది. అతిథులంటేనే గిట్టని హోటలు యజమాని బేసిల్ ఫాల్టీ. గొప్పవాళ్లు వస్తే నడుం వంచేస్తాడు, మామూలువాళ్లు వస్తే విసుక్కుంటాడు.

ఒక ఎపిసోడ్‌లో ఊరి పెద్దల కోసం ప్రత్యేకంగా విందు పెడతాడు. వంటవాడు తాగి పడిపోతాడు. ఇంకో హోటలు నుంచి బాతు వండించి తెస్తుంటే దారిలో కారు ఆగిపోతుంది. బేసిల్ దాన్ని బతిమాలతాడు, తిడతాడు, ఇదే చివరిసారి అని మూడు దాకా లెక్కపెడతాడు, తర్వాత కెమెరాకి కనబడకుండా వెళ్లి ఒక చెట్టుకొమ్మ పట్టుకొచ్చి కారుని చితకబాదుతాడు. తీరా టేబుల్ దగ్గర మూత తీస్తే బాతు లేదు, క్రీమూ కేకూ ఉన్న ట్రైఫిల్ ఉంది. మళ్లీ మూత పెడతాడు, మళ్లీ తీస్తాడు, చివరికి రెండు చేతులూ ఆ క్రీములోకి పెట్టి బాతు కోసం వెతుకుతాడు. ఇది నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఆ చేతులు లోపలికి వెళ్లిన ప్రతిసారీ నవ్వాను.

మరి దీన్నే చెప్పేయొచ్చుగా అంటే, నాకు అడ్డం పడేది మాన్యుయెల్. బార్సిలోనా నుంచి వచ్చిన సర్వరు, ఇంగ్లిష్ సరిగ్గా రాదు, అర్థం కానప్పుడల్లా తల మీద ఒకటి పడుతుంది. ఆండ్రూ సాక్స్ అద్భుతంగా చేశాడు, కాదనను. కానీ ఇంటర్వ్యూలో ఇంగ్లిష్ తడబడి చెమటలు కక్కినవాణ్ని, ఆ దెబ్బల దగ్గర నా నవ్వు సగంలో ఆగిపోతుంది. ఇంకో ఎపిసోడ్‌లో ఒక ముసలి మేజర్ మన క్రికెటర్ల గురించి వాగిన వాగుడుంది. ఆ ఎపిసోడ్‌ని 2020లో ఒక స్ట్రీమింగ్ సంస్థ కొన్నాళ్లు తీసేసి, తర్వాత ముందో హెచ్చరిక తగిలించి మళ్లీ పెట్టింది. మేజర్‌ని వెక్కిరించడానికే అలా రాశామన్నాడు క్లీజ్. అదీ నిజమే అనిపిస్తుంది.

ఎస్ మినిస్టర్ వేరే సరుకు. ఇందులో ఎవరూ కింద పడరు, ఎవరూ ఎవర్నీ కొట్టరు, ఒక గదిలో ముగ్గురు మగాళ్లు కూర్చుని మాట్లాడుకుంటారు. జిమ్ హ్యాకర్ కొత్తగా వచ్చిన మంత్రి, ఏ పార్టీయో ఎక్కడా చెప్పరు. సర్ హంఫ్రీ ఆ శాఖలో పాతుకుపోయిన అధికారి. మధ్యలో ప్రైవేట్ సెక్రటరీ బెర్నార్డ్, జీతం శాఖ దగ్గర, విధేయత మంత్రి దగ్గర, భయం ఇద్దరి దగ్గరా. 1980లో మొదలై, హ్యాకర్ ప్రధాని అయ్యాక పేరు మార్చుకుని 1988 దాకా నడిచింది, ఆంటనీ జే, జోనథన్ లిన్ రాశారు. హంఫ్రీగా చేసిన నైజెల్ హాథార్న్‌కి ఈ ఒక్క పాత్రకే నాలుగుసార్లు బాఫ్టా (బ్రిటిష్ సినిమా, టీవీ అవార్డు) వచ్చింది. 2001లో దీన్నే ఫారూఖ్ షేక్‌తో జీ మంత్రీజీ అని హిందీలో తీశారు, చాలామందికి గుర్తుండే ఉంటుంది.

నేను దీన్ని మా నాన్నతో కలిసి చూశాను. ఆయన రెవెన్యూలో చేసి సూపరింటెండెంట్‌గా రిటైరయ్యారు. ఇంగ్లిష్ సంభాషణ వేగం అందక సబ్‌టైటిల్స్ పెట్టించుకుని, కళ్లజోడు ముక్కు మీదకి జార్చి, ఫైలు చదివినట్టే చదువుతూ చూశారు. రోగులే లేని ఆస్పత్రి ఎపిసోడ్ వచ్చింది. కొత్త ఆస్పత్రి, కట్టి పదిహేను నెలలైంది, డాక్టర్లు లేరు, నర్సులు లేరు, రోగులు లేరు, పాలనా సిబ్బంది మాత్రం ఐదొందల మంది ఉన్నారు, అందరికీ ఊపిరాడనంత పని ఉంది. మంత్రి నెత్తి కొట్టుకుంటుంటే, దేశంలోకెల్లా బాగా నడుస్తున్న ఆస్పత్రుల్లో ఇదొకటని, శుభ్రతకి అవార్డు కూడా వచ్చేలా ఉందని వాళ్లు గర్వంగా చెబుతారు. నేను పడీపడీ నవ్వుతున్నాను. నాన్న నవ్వలేదు. కాసేపాగి, "రోగులొస్తే రికార్డులు పాడవుతాయిరా" అన్నారు. అప్పుడు ఇద్దరం నవ్వాం.

ఆ తర్వాత ఆయన నాకన్నా ముందుండేవారు. మంత్రి ఏదైనా తలపెడితే దాన్ని కాదనకుండా ఎలా ఆపాలో హంఫ్రీ నోరు విప్పకముందే ఈయన చెప్పేసేవారు: కమిటీ వెయ్యాలి, పై ఏడాది బడ్జెట్‌లో చూద్దామనాలి, కుదరకపోతే "పరిశీలించి నివేదించండి" అని రాసి కిందికి పంపాలి. ఆ ఆఫీసు భాషలో మంత్రి నిర్ణయాన్ని వివాదాస్పదం అన్నారంటే కొన్ని ఓట్లు పోతాయని, సాహసోపేతం అన్నారంటే ఎన్నికలే పోతాయని అర్థం. ఈ మాట వచ్చినప్పుడు నాన్న సీరియల్ ఆపించి మరోసారి వేయించుకున్నారు.

మా ఆవిడ మాత్రం ఫాల్టీ టవర్సే అంది. ఒంట్లో బాగాలేనివాడికి అంత మాటల సీరియల్ ఏమిటి, ఆ హంఫ్రీ ఒక్క వాక్యం మొదలుపెడితే ముగిసేసరికి కాఫీ చల్లారిపోతుంది, తమ్ముడు నిద్రపోతాడు అని వాదన. అందులో నిజం లేకపోలేదు, మొదటి రెండు ఎపిసోడ్లు కొంచెం ఓపిక పట్టాలి, సెట్లు కూడా పాతబడ్డాయి. కానీ మా బావమరిది పంచాయతీరాజ్ ఇంజనీరు, బిల్లుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేవాడు. వాడికి ఎస్ మినిస్టరే అన్నాను. అదే కాలేజీ పిల్లలు అడిగితే ఫాల్టీ టవర్స్ అంటాను, మొదటి పది నిమిషాల్లోనే పట్టేస్తుంది.

డ్రామాల్లో పోటీ లైన్ ఆఫ్ డ్యూటీకీ హ్యాపీ వ్యాలీకీ. పాతకాలపు జమీందారీ బంగళా కథ డౌన్‌టన్ యాబీ అందంగా ఉంటుంది, అంతకన్నా నాకు చెప్పడానికేం లేదు.

లైన్ ఆఫ్ డ్యూటీ పోలీసుల్నే పట్టుకునే పోలీసుల కథ, 2012 నుంచి 2021 దాకా ఆరు సీజన్లు. ప్రాణమంతా విచారణ గదిలో ఉంటుంది: టేబుల్‌కి అటూ ఇటూ మనుషులు, రికార్డర్ నొక్కగానే సాగే ఆ పొడుగాటి బీప్, తర్వాత ఇరవై నిమిషాలకి పైగా ఉత్త మాటలతోనే మనకి బీపీ పెంచేస్తారు. మొదటి మూడు సీజన్లు కిందపెట్టబుద్ధి కాదు. ఆ తర్వాత అసలు దొంగ ఎవరు, ఎవరు అని లాగీ లాగీ, చివర్లో ఇచ్చిన జవాబుకి ఉసూరుమన్న లక్షలమందిలో నేనొకణ్ని. జవాబు తెలిసిపోయాక రెండోసారి చూడబుద్ధి కాలేదు.

హ్యాపీ వ్యాలీ నేను రెండుసార్లు చూశాను, మళ్లీ చూస్తాను. శాలీ వెయిన్‌రైట్ రాసింది, యార్క్‌షైర్‌లో కొండల మధ్య ఊళ్లు, కేథరిన్ అనే నలభై ఏడేళ్ల సార్జెంట్. మొదటి సీనులో ఒక కుర్రాడు తాగి, ఒంటిమీద పెట్రోలు పోసుకుని, పిల్లల పార్కులో లైటర్ పట్టుకుని కూర్చుంటాడు. ఈమె మంటలార్పే సిలిండర్ తెచ్చుకుంటుంది, పక్క కొట్లో చలువ కళ్లద్దాలు కూడా అడుగుతుంది. వాడు చస్తే చచ్చాడు, నా కనుబొమ్మలు కాలడం ఎందుకని. తర్వాత వాడితో మాట కలిపి తన గురించి చెబుతుంది: విడాకులయ్యాయి, మత్తుమందు అలవాటునుంచి బయటపడిన చెల్లెలితో ఉంటున్నాను, ఇద్దరు పిల్లల్లో ఒకరు పోయారు, ఒకరు మాట్లాడరు, ఓ మనవడున్నాడు. రెండు నిమిషాల్లో ఆరు ఎపిసోడ్ల బరువు మన ఒళ్లో పెట్టేస్తుంది. 2014, 2016ల్లో రెండు సీజన్లు తీసి, ఆ మనవడి పాత్ర వేసిన పిల్లాడు నిజంగా పెద్దవాడయ్యేదాకా ఏడేళ్లు ఆగి మూడోది 2023లో తెచ్చారు. యాస కష్టం, సబ్‌టైటిల్స్ లేకుండా నాకూ సగం అందలేదు. హింస ఎక్కువ, పిల్లలు పడుకున్నాకే పెట్టుకోవాలి.

అలా హ్యాపీ వ్యాలీ అని చెప్పేద్దామని ఫోన్ తీశాను. కానీ ఎస్ మినిస్టర్ చూసినవాడు వెంటనే చూడాల్సింది అది కాదనిపించింది. 2024 జనవరిలో వచ్చిన నాలుగు ఎపిసోడ్ల మిస్టర్ బేట్స్ వర్సెస్ ద పోస్ట్ ఆఫీస్. జరిగిన కథ. పోస్టాఫీసుల్లో హొరైజన్ అనే కంప్యూటర్ సిస్టమ్ పెట్టారు, అది లెక్కల్లో అసలు లేని డబ్బు లోటుని ఉన్నట్టు చూపించింది, చిన్న చిన్న ఊళ్లలో కొట్టుతో పాటు పోస్టాఫీసు నడుపుకునేవాళ్లని దొంగలన్నారు. 1999 నుంచి 2015 దాకా 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. వాళ్లలో మన ఉపఖండం నుంచి వెళ్లి స్థిరపడినవాళ్లు చాలామంది, సీమా మిశ్రా అయితే 2010లో గర్భంతోనే జైలుకి వెళ్లింది. సీరియల్‌లో జో హామిల్టన్ అనే ఆవిడ లెక్క తేలక హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తుంది, వాళ్లు చెప్పిన బటన్లు నొక్కుతుంది, ఆమె కళ్లముందే తెర మీద లోటు రెట్టింపవుతుంది. ఇలా ఫోన్ చేసినవాళ్లకి వచ్చిన జవాబు, ఈ ఇబ్బంది మీ ఒక్కరికే అని. సీరియల్ వచ్చి దేశం భగ్గుమన్నాక, ఆ ఏడాది మే నెలలో ఏకంగా చట్టం చేసి ఆ శిక్షలు రద్దు చేశారు. నటన, రాత చూస్తే హ్యాపీ వ్యాలీయే ఒక మెట్టు పైన. కానీ రోగులు లేకపోయినా ఆస్పత్రి బ్రహ్మాండంగా నడుస్తోందన్న హంఫ్రీ మనుషులే ఇక్కడా ఉన్నారు, సిస్టమ్ బాగానే ఉందంటున్నారు, ఈసారి అవతల ఐదొందల గుమాస్తాలు కాదు, కొట్టు నడుపుకునే ఆడమనిషి ఉంది.

అదే చెప్పాను. ఎస్ మినిస్టర్ ముందు, ఇది తర్వాత, ఓపిక మిగిలితే హ్యాపీ వ్యాలీ. లిస్టు వద్దన్నాను కదా బావా అని గొణిగాడు. నాలుగో రోజు రాత్రి పదకొండింటికి ఫోన్ వచ్చింది. ఎస్ మినిస్టర్ ఇంకా మొదలే పెట్టలేదట, సరాసరి పోస్టాఫీసు పెట్టుకున్నాడు. "ఆ అంకె రెట్టింపైనప్పుడు నేను మంచం మీంచి లేవబోయాను బావా" అన్నాడు. వెనకాల నుంచి మా చెల్లెమ్మ, మోకాలు అలా కదిపితే ఊరుకోనని అరుస్తోంది.