పెదవాల్తేరు ఆదివారం క్లాసు: సంక్షేమం, ఆరోగ్య విధానం పేపర్ చదివేవాళ్లకి

దూరవిద్యలో సోషల్ వర్క్ పీజీ చదువుతూ, వివిధ దేశాల సంక్షేమ, ఆరోగ్య విధానాల పేపర్ దగ్గర ఆగిపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. విశాఖ పెదవాల్తేరులో రిటైరైన లెక్చరర్ మేడమ్ ఒకరు తన ఇంటి మేడమీద ఆదివారాలు ఈ ఒక్క పేపరే చెబుతారు. ప్రచారం వద్దంటారు కాబట్టి పేరు రాయడం లేదు. ఏయూ అవుట్ గేట్ దగ్గర జిరాక్స్ షాపుల్లో అడిగితే ఇల్లు ఎక్కడో చెబుతారు. ఫీజు నెలకి 1,500. జర్మనీ, థాయ్‌లాండ్ క్లాసుల కోసమైనా చేరమని చెబుతాను.

నేను గాజువాక ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో జీతాల లెక్కలు చూస్తాను. ప్రతి నెలా 15లోపు అందరి ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) చందా కట్టడం నా పని. పీజీ పుస్తకంలో జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ పేరు, ఆయన కార్మికులకి జబ్బు బీమా చట్టం తెచ్చిన 1883 అనే సంవత్సరం బట్టీ పట్టాను గానీ, అది నా టేబుల్ మీది పనే అని ఈ క్లాసుకి వెళ్లేదాకా తెలియలేదు.

మేడమ్ ఏ దేశం మొదలుపెట్టినా ముందు బోర్డు మీద నాలుగు గళ్లు గీస్తారు. డబ్బు ఎవరు కడుతున్నారు, ఎవరి దగ్గర పోగవుతోంది, ఎవరికి అందుతోంది, ఎవరు బయట ఉండిపోయారు. గళ్లు మనమే నింపాలి. 1883 నాటి జర్మనీ చట్టంలో చందా కార్మికుడిది రెండు వంతులు, యజమానిది ఒక వంతు. జబ్బు పడితే మూడో రోజు నుంచి కూలిలో సగం, 13 వారాల దాకా. ఆ 13 వారాలు ఎన్ని రోజులో చెప్పమన్నారు మేడమ్. 91. నేను ఉలిక్కిపడ్డాను. మన ఈఎస్‌ఐలో జబ్బు సెలవుకి డబ్బిచ్చేది కూడా ఏడాదికి గరిష్ఠంగా 91 రోజులే, జీతంలో 70 శాతం చొప్పున. చందా కట్టే కార్మికుడు మంచం పట్టినప్పుడు ఇంట్లో పొయ్యి ఆరకూడదన్నదే రెండు చట్టాల ఆలోచన. డాక్టరు ఖర్చు సంగతి అందరం మాట్లాడతాం. కానీ మా షెడ్డులో ఎవరికైనా టైఫాయిడ్ వస్తే వాళ్లావిడ ఫోన్ చేసి ముందు అడిగేది, "జీతం ఎన్ని రోజులు కోస్తారండీ?" అని.

ఇక నాలుగో గడి. దాని మీదే ఆ రోజు క్లాసంతా నడిచింది, నడవాల్సిందే కూడా. ఈఎస్‌ఐలో వైద్యం చేరిన రోజు నుంచే ఉంటుంది గానీ, జబ్బు డబ్బు రావాలంటే ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకి చందా కట్టి ఉండాలి. మధ్యలో చేరిన హెల్పరుకి అది ఉండదు. జీతం 21,000 దాటిన వెల్డరు ఆ చందా కాలం అయిపోగానే బయటికి వస్తాడు. షెడ్డు గేటు బయట ఇటుకలు మోసే మనిషి ఎప్పుడూ లోపల లేడు. అతనికి ఆరోగ్యశ్రీ (పేదలకి ప్రభుత్వ ఉచిత వైద్య పథకం, 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ) ఆపరేషన్ చేయిస్తుంది, మరి కూలి? 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా పేరుతో మన రాష్ట్రం ఆపరేషన్ తర్వాత విశ్రాంతికి రోజుకి 225 రూపాయల చొప్పున ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఆ గడిలోని మనిషినే చూసిందని మేడమ్ అన్నారు. నాకు ఆ మాట చాలా నచ్చింది.

థాయ్‌లాండ్ క్లాసు ఇంకా బాగుంటుంది. అక్కడ ప్రభుత్వోద్యోగులకి ఒక పథకం, ప్రైవేటు కంపెనీల జీతగాళ్లకి ఒక పథకం ముందే ఉన్నాయి. రైతులు, చిల్లర వ్యాపారులు, కూలీల్లో చాలామందికి గట్టి ఆధారం లేదు. 2002లో వాళ్లందరినీ పన్నుల డబ్బుతో నడిచే పథకంలోకి తెచ్చారు, ఆసుపత్రికి వెళితే 30 భాట్లు కడితే చాలు. 2006లో ఆ 30 కూడా తీసేశారు, 2012లో మళ్లీ పెట్టారు. అవుట్ పేషెంట్ వైద్యానికి ఆసుపత్రికి డబ్బు ఎలా వెళుతుందో మేడమ్ నిదానంగా చెప్పారు: తన దగ్గర నమోదైన జనాభాని బట్టి, తలకింత చొప్పున. మన ఆరోగ్యశ్రీలో ఆసుపత్రికి డబ్బు వెళ్లేది ఆపరేషన్‌కి ఇంత అనే ప్యాకేజీ రేటుతో. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, నెలనెలా బీపీ, షుగర్ బిళ్లలకి మన ఇళ్లలో డబ్బు ఎందుకు కారిపోతోందో అర్థమవుతుంది.

బ్రిటన్ క్లాసు మామూలుగా ఉంది. సామాజిక బీమా మీద 1942 బెవరిడ్జ్ నివేదిక, 1948 జూలై 5న అందరికీ ప్రభుత్వ వైద్యం ఇచ్చే ఎన్‌హెచ్‌ఎస్, 1951లో కళ్లద్దాలకీ కట్టుడు పళ్లకీ ఛార్జీ పెట్టడంతో దాన్ని తెచ్చిన మంత్రి బెవాన్ రాజీనామా. ఇవన్నీ పుస్తకంలోనూ దొరుకుతాయి. ఎస్పింగ్ ఆండర్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1990లో సంక్షేమ రాజ్యాలని మూడు రకాలుగా చేసిన విభజనకి మాత్రం మరీ ఎక్కువ సమయం ఇస్తారు. పరీక్షలో వస్తుంది నిజమే, కానీ ఆయన లెక్కలు 18 సంపన్న దేశాలవి. ఆ సమయంలో సగం శ్రీలంకకి ఇవ్వాలి. జపాన్, అమెరికా రెండూ ఒకే పూటలో పరుగెత్తించేశారు. 1961లోనే అందరికీ ఆరోగ్య బీమా తెచ్చిన జపాన్‌కి అరపూట చాలదు.

నోట్సు విషయంలో గట్టిగా చెప్పాలి. జిరాక్స్ మసకగా ఉంది, పైగా అంతా ఇంగ్లీషులోనే. తెలుగు మీడియం నుంచి వచ్చిన నాలాంటివాళ్లు క్లాసులో తెలుగులో చెప్పింది పక్కన రాసుకోక తప్పదు. ఈఎస్‌ఐ చందా ఇంకా ఉద్యోగికి 1.75, యజమానికి 4.75 శాతం అనే ఉంది. 2019 జూలై నుంచి అవి 0.75, 3.25. నేను చెబితే మేడమ్ వెంటనే బోర్డు మీద సరిచేశారు, తర్వాతి కాపీల్లో మాత్రం పాతవే వచ్చాయి. పరీక్షలో పాత అంకె రాస్తే మార్కులు పోతాయి, చూసుకోండి.

గాజువాక వైపు నుంచి వచ్చేవాళ్లు మద్దిలపాలెంలో దిగి ఆటో ఎక్కండి. క్లాసు పదింటికి మొదలవుతుంది, ఒంటిగంట దాటుతుంది. మొదటి క్లాసుకి డబ్బు తీసుకోరు. ముందే ఫోన్ చేసి థాయ్‌లాండ్ ఏ వారమో కనుక్కుని ఆ ఆదివారమే వెళ్లండి, మీ పే స్లిప్ కూడా పట్టుకెళ్లండి. మేడమ్ దాన్ని చూసి నాలుగు గళ్లూ మీచేతే నింపిస్తారు.